ఏట్లో దారి

బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు ఉండగానే సారాకు ఎర్రన్న గొంతు వినబడింది.

“వచ్చినావామ్మా! దేవునికి స్తోత్రం. గోడకు సున్నం కొట్టించి పెట్టినా. ఎప్పుడు మొదలుపెడతావు?”

బాగున్నావా, తిన్నావా, విమానంలో నిద్ర పట్టిందా అని అడిగే అలవాటు ఎర్రన్నకు పుట్టుకతోనే లేదు. నల్లమాడలో ప్రార్థన మందిరానికి ఆయనే పెద్ద. మందిరం కొత్తగా కట్టించిన దగ్గర్నుంచీ ఆయనకు ఆ గోడ తప్ప ఇంకో ధ్యాస లేదు. పాపం, సారా ఆ రోజు పొద్దున్నే బెంగళూరులో విమానం దిగి, కదిరి దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు పట్టుకుని వస్తోంది. ఆషాఢం గాలి ఎర్రదుమ్మును మొహాన కొడుతోంది. నోరు తెరిస్తే పళ్ళ కింద ఇసుక కరకరమంది. అయినా ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అబ్బ, ఇంటికొచ్చాను అనుకుంది.

“ఇంటికి పోయి మొగం కడుక్కోనీ అన్నా. గోడ యాడికీ పోదు కదా,” అంది.

“గోడ పోదు. ఆదివారం వస్తాది,” అన్నాడు ఎర్రన్న. “ఆ దేశంలో పచ్చదనమంతా కండ్లారా చూసొచ్చినావు. అదంతా ఈ గోడ మీదికి దింపల్ల. రెండు హంసలు మాత్రం మరిచిపోవద్దు.”

ఆ గోడ సంగతి చెప్పాలి. వేదిక వెనక బాప్తిస్మం ఇచ్చే సిమెంటు తొట్టి ఉంటుంది. దిగడానికి మెట్లు, నడుము లోతు నీళ్ళు. దాని వెనక గోడ మీద, యేసు బాప్తిస్మం పొందిన యొర్దాను నది బొమ్మ ఉండి తీరాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలియదుగానీ, ఆ చుట్టుపక్కల ఏ మందిరానికి పోయినా తొట్టి వెనక ఒక పచ్చని నది పారుతూనే ఉంటుంది. పాత మందిరంలో ఎవరో క్యాలెండరు చూసి వేశారు. మంచుకొండలు, నీలం నీళ్ళు, హంసల జంట, ఆ మంచుకొండల పక్కనే నిక్షేపంగా ఒక కొబ్బరిచెట్టు! బోరు ఎంత దించినా తెల్లదుమ్ము తప్ప తడి తగలని ఊళ్ళో, ఆ బొమ్మను చూస్తేనే జనానికి దాహం తీరినట్టుండేది. వాన కోసం ప్రార్థన చేసేటప్పుడు కూడా కళ్ళు మూసుకోకుండా దానివైపే చూసేవాళ్ళు.

సారా కదిరిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరు. ఆమెతో పాటు హాస్టల్లో చదువుకున్న కృపాకుమారి వేల్సు దేశంలో నర్సుగా స్థిరపడింది. “ఒక్కసారి రావే, ఇక్కడ పల్లెటూళ్ళో ఉండి బొమ్మలు వేసుకునే సెలవు శిబిరాలుంటాయి, నీకోసమే పెట్టినట్టుంటుంది,” అని రెండేళ్ళు పోరు పెట్టి, చివరికి టికెట్టు తానే పంపింది. బొమ్మలు గీసుకోవడానికి సముద్రాలు దాటి పోతారా ఎవరైనా అని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. సారా అత్త హనుమక్క మాత్రం, “పోయిరా సారమ్మా. నువ్వొచ్చినాంకనే నేను తొట్లోకి దిగేది. నువ్వు పక్కన ఉండల్ల,” అంది.

ఆ మాట కోసం ఆ ఇంట్లో ఎన్నేళ్ళుగా ఎదురుచూశారో! హనుమక్క ప్రతి ఆదివారం మందిరానికి వచ్చేది. వెనక వరసలో కూర్చుని అందరికంటే పెద్ద గొంతుతో పాడేది. బాప్తిస్మం అనేసరికి మాత్రం ఒక ఏడు మోకాలు నొప్పి, ఒక ఏడు జలుబు, ఇంకో ఏడు చుట్టాలొచ్చారు. ఆమె భర్త హనుమంతప్ప చివరి రోజుల్లో బాప్తిస్మం తీసుకుని, మందిరం వాళ్ళ సమాధుల తోటలో వేపచెట్టు పక్కన పడుకున్నాడు. ఆయన పక్కన ఒక మనిషికి సరిపడా చోటుంది. అది తనదేనని హనుమక్క ధీమా. బాప్తిస్మం పొందినవాళ్ళకే అక్కడ చోటని సంఘం కట్టడి. ఉగాది తర్వాత వేరేవాళ్ళు ఆ చోటు అడిగారు. ఎర్రన్న ఎలాగో ఆపి, “ఈ తూరి దిగకపోతే నా చేతిలో ఏమీ లేదక్కా,” అని ముఖం మీదే చెప్పేశాడు. ఆ రోజు హనుమక్క అన్నం ముట్టలేదు. ఈ ఆదివారం దిగుతానని ఒప్పుకుంది అందుకే.

ఇంటికి చేరేసరికి సారా భర్త జయచంద్ర ముందుగదిలో కాలిపోయిన బోరు మోటారు విప్పుకుని కూర్చున్నాడు. మోటార్లకు రాగితీగ చుట్టడం అతని పని. చేతులు నల్లగా ఉన్నాయని పెట్టె కూడా అందుకోలేక ఊరికే నవ్వాడు. హనుమక్క ఎదురొచ్చి కోడలి బుగ్గలు తడిమి, “చిక్కిపోయినావే! ఆ దేశంలో కూడు పెట్టలేదా?” అంది.

సారా పెట్టె తెరిచి, ఉన్ని శాలువా తీసి అత్త భుజాల మీద కప్పింది.

“ఈ ఎండలో ఇది కప్పుకుంటే రొట్టె మాదిరి కాల్తానే!” అంది హనుమక్క. అంటూనే మడత పెట్టి తన ట్రంకుపెట్టెలో దాచుకుంది.

తర్వాత మంచం మీద బొమ్మలు పరిచింది. కొండ పచ్చ, చెట్టు పచ్చ, గోడ మీద నాచు పచ్చ. మధ్యలో తెల్లటి గొర్రెలు. హనుమక్క ఒక్కొక్కటీ చూస్తూ, “ఇంత పచ్చగుంటే కండ్లు నొప్పి పుట్టవా?” అంది.

“రోజూ వానే అత్తా. పైగా వాన పడితే వాళ్ళు నాకు సారీ చెప్తారు.”

“ఏమిటికి?”

“అయ్యో, నీకు ఎండ చూపించలేకపోయినామే అని.”

హనుమక్క నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఎండేనా వాళ్ళకు కావల్సింది? చెప్పింటే బస్తాలకెత్తి పంపిందుముగదా!”

జయచంద్ర కూడా నవ్వాడు. సారా నవ్వింది. పెట్టె అడుగున, పాత చీర మడతలో పెట్టిన ఒక్క బొమ్మను మాత్రం బయటికి తీయలేదు. అది చూపించాలంటే ఆమెకు తల కొట్టేసినట్టనిపించింది.

జరిగింది ఇదీ. అక్కడ బొమ్మలు నేర్పిన ముసలాయన పేరు హ్యూ. ఒకరోజు అందర్నీ ఏటి ఒడ్డుకు తీసుకుపోయాడు. సారా నీళ్ళు వేసింది, ఒడ్డు వేసింది, ఒడ్డున వంగిన చెట్లు వేసింది. ఆ తర్వాత చెయ్యి దానంతట అదే ఎర్రరంగు కలిపి ఏటి మధ్యలో ఒక దారి వేసేసింది. ఈ ఒడ్డున దిగి ఆ ఒడ్డున ఎక్కే కాలిబాట. ఏం చేస్తుంది మరి? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆమె చూసిన ఏరు అదే. ఏరంటే ఇసుక. ఇసుకలో బండ్ల చక్రాల జాడలు, మేకల అడుగులు, సైకిళ్ళు తోసుకుంటూ బడికి పోయే పిల్లలు. ఏటికి దారి ఉండదని ఆమెకు తోచనే లేదు.

హ్యూ వచ్చి కళ్ళద్దాలు సర్దుకుని, ఇదేమిటని అడిగాడు. దారి అంది. ఎక్కడికని అడిగాడు. అవతలికి అంది. అప్పుడుగానీ తాను వేసిందేమిటో ఆమెకు తెలిసిరాలేదు. మిగతావాళ్ళంతా వచ్చి చూశారు. మంచివాళ్ళే, మంచిగానే నవ్వారు. మీ దేశంలో జనం నీళ్ళ మీద నడుస్తారా అని ఒకామె ముచ్చటగా అడిగింది. ఆపైన ప్రతి పూటా భోజనాల దగ్గర ఎవరో ఒకరు, “సారా, దారి చూపించు,” అనేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో పాటు నవ్వేది. గదిలోకి వచ్చాక మాత్రం చెవులు వేడెక్కిపోయేవి. ఇన్నేళ్ళు పిల్లలకు బొమ్మలు నేర్పి, కళ్ళ ముందున్న నీళ్ళు చూసి వేయడం రాలేదే అని కుమిలింది. చింపేద్దామంటే చేయి రాలేదు. చీరలో చుట్టి అడుగున పెట్టేసింది.

అందుకే మర్నాడు మందిరం గోడ ముందు నిలబడినప్పుడు పట్టుదలగా అనుకుంది. ఈసారి తప్పు జరగకూడదు. నీళ్ళంటే నీళ్ళే.

జయచంద్ర నిచ్చెన తెచ్చి పెట్టాడు. కదిరి నుంచి ఎనామిల్ రంగుల డబ్బాలు వచ్చాయి. నీళ్ళ లోతు కనబడాలంటే చీకటి వేయాలని హ్యూ నేర్పాడు. అలాగే చెట్ల కింద ముదురు పచ్చను నలుపులోకి దించి దించి వేసింది. మూడో రోజుకు గోడ మీద నిజంగానే ఒక నది వచ్చి నిలబడింది. చల్లగా, నిండుగా, అడుగు కనబడకుండా. హంసలను కూడా వేసింది. ఎర్రన్న గుమ్మంలోనే నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయాడు.

“అబ్బబ్బా! దూకబుద్ధి అవుతాండాది గదమ్మా! ఈ జిల్లాలో ఇట్లాంటి యొర్దాను ఇంకోటి లేదు.”

సారాకు ఒళ్ళు పొంగింది. ఎవరు పొగిడితే మాత్రం చేదు? ఆ సాయంత్రం అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది. హనుమక్క ఖాళీ తొట్టి పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. గోడను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

“అడుగు యాడుండాది?”

“కనపడదత్తా. అంత లోతు,” అంది సారా సంబరంగా.

హనుమక్కకు కమ్మీ వదలడానికి కాస్త సేపు పట్టింది. మర్నాడు పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ, “నేను తొట్లోకి దిగను. ఎర్రన్నకు చెప్పేయండి,” అంది.

జయచంద్రకు చిర్రెత్తుకొచ్చింది. “ఏమ్మా, మళ్ళీ మోకాలా? ఊరందరి ముందర దిగుతానంటివి. నాయన పక్కన చోటు పోతాదని నువ్వే గదా ఏడిస్తివి?”

“పోతే పోనీలేరా,” అంది హనుమక్క. ఆ గొంతు విని జయచంద్ర మోటారు దగ్గరికి పోయాడు.

హనుమక్క వసారాలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలవసాగింది. వాన పడితే విత్తాలి. పడుతుందో లేదో, ఒలిచి మాత్రం పెట్టుకోవాలి. సారా కూడా చేట దగ్గరికి లాక్కుని పక్కనే కూర్చుంది. ఇద్దరూ కలిసి చేటెడు కాయలు ఒలిచారు.

“జయచంద్ర అప్పుడు నా సంకలో ఉన్నాడు,” అంది హనుమక్క తల ఎత్తకుండానే. “పుట్టింటికి పోయి వస్తాంటి. పొద్దున పోయిన దారే సారమ్మా. ఏట్లో నా కాలి గుర్తులు ఇంకా ఉండాయి. ఈడ మబ్బు లేదు, చినుకు లేదు. పైన యాడో కొట్టింది వాన. కేక మాదిరి వచ్చినాయి నీళ్ళు. దారి నా కాళ్ళ కిందనుంచి జారిపోయింది.”

సారా చేట పక్కకు జరిపి అత్త వైపు తిరిగింది.

“కానుగ వేరు దొరికింది. ఒక చేత్తో అది పట్టుకుంటి, ఒక చేత్తో వీణ్ణి. మీ మామ ఒడ్డుమీదనుంచి దూకి నా జుట్టు పట్టి ఈడ్చినాడు. కొప్పు కొప్పంతా ఆయప్ప చేతిలోకే వచ్చింది.” హనుమక్క నవ్వబోయింది. రాలేదు. “వీనికి చెప్పలేదు. చెప్తే మాత్రమేముండాది? ఆ పొద్దు నుంచి నిండిన నీళ్ళలో కాలు పెట్టలేదు. ఈ తూరి ఎట్లనో మనసు గట్టి చేసుకుంటి. నువ్వు పక్కనుంటావు, పాస్టరయ్య పట్టుకుంటాడు, నడుము లోతే గదా అనుకుంటి. నిన్న ఆ గోడ చూసినాంక… అదే నీళ్ళు సారమ్మా. అడుగులేని నీళ్ళు. నావల్ల కాదు. మీ మామ పక్కన పడుకునే రాత నాకు లేదు, అంతే.”

సారాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత గొప్పగా తాను తెచ్చి గోడ మీద నిలబెట్టింది ఈమె భయాన్నా! ఆ నలుపు చూసుకుని ఎంత మురిసిపోయింది! తన మీద తనకే కోపం వచ్చింది. లేచి లోపలికి పోయి, పెట్టె అడుగున చీర మడత విప్పి, ఆ బొమ్మ తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది.

హనుమక్క చేతులు కొంగుకు తుడుచుకుని చూసింది. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా ఎర్రటి దారి వెంట వేలు నడిపించింది.

“ఇది మన ఏరా?”

“కాదత్తా. ఆ దేశం ఏరే. చూడకుండానే దారి వేసేస్తి. బొమ్మలు నేర్పే దొర ఇదేంది అనె, అందరూ నవ్విరి. సిగ్గయి దాచి పెట్టినా.”

“నవ్వేదానికేముండాది దీంట్లో?” హనుమక్కకు నిజంగానే అర్థం కాలేదు. “దారి లేని ఏరు యాడన్నా ఉంటాదా? జనం అవతలికి పోవద్దా?” మళ్ళీ వేలు నడిపించింది. ఈసారి ఇంకా నెమ్మదిగా. “ఇట్లుంటే దిగొచ్చు,” అంది.

సారా ఇంక అక్కడ నిలబడలేదు.

మందిరం తాళం తీయించి, ఎవర్నీ అడక్కుండానే పని మొదలుపెట్టింది. నది మధ్యలో నలుపును గీకేసింది. ఎరుపు, పసుపు, చిటికెడు తెలుపు కలిపితే వాకిట్లో మన్ను రంగు వచ్చింది. ఆ రంగుకు ఆమె చెయ్యి వెతుక్కోనక్కరలేదు. అవతలి ఒడ్డునుంచి దారి దిగింది, నీళ్ళ మధ్యగా ఇవతలికి వచ్చింది. గోడ అంచున ఆగలేదు. సారా తొట్టిలోకి దిగి, లోపలి గోడ మీదుగా, నేల మీదుగా, మెట్టు మెట్టుకూ పైదాకా ఆ దారిని తీసుకొచ్చేసింది. ఆరడానికి ఆదివారం దాకా వ్యవధి ఉంది. ఎండకు కరువా, గాలికి కరువా!

సాయంత్రం ఎర్రన్న వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

“ఏం పని చేస్తివమ్మా! బంగారమట్లాంటి నదిని ఎండగొడితివే! ఫారిన్ పోయొచ్చి మన ఎండిన వంకనే దింపితివే! దీనికి విమానమెందుకు, సైకిలెక్కి పోయి చూసొచ్చింటే సరిపోయె గదా!”

“నీళ్ళుండాయి కదన్నా, అటూ ఇటూ.”

“మధ్యలో దారేందమ్మా? యొర్దానులో దారేంది? వేరే ఊరోళ్ళు చూస్తే నవ్వరా?”

“నవ్వినారులేన్నా, ఆడ ఒకసారి. ఏం కాలేదు,” అంది సారా. ఆ మాట అంటున్నప్పుడు చెవులు వేడెక్కలేదు. అది ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

గొడవ విని పాస్టరయ్య వచ్చాడు. నిదానస్తుడు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, మెట్ల మీది ఎర్రరంగు వంగి చూసి, గడ్డం గోక్కున్నాడు. సారా హనుమక్క సంగతి రెండు ముక్కల్లో చెప్పింది.

“ఎర్రన్నా, బైబిల్లో ఆ కాలం జనం యొర్దానును ఎట్ల దాటినారు?” అన్నాడు పాస్టరయ్య.

“దేవుడు నీళ్ళు ఆపితే, ఆరిన నేలమీద నడిచే దాటినారులే,” అని గొణిగాడు ఎర్రన్న.

“మరి దారి ఉన్నట్టే గదా.”

ఎర్రన్న గోడ వైపు తిరిగాడు. “హంసలు మాత్రం పోకూడదు,” అన్నాడు చివరికి. హంసలు పోలేదు. దారికి అటొకటి ఇటొకటి నిలబడి, రోడ్డు దాటుదామా వద్దా అన్నట్టు చూస్తున్నాయి.

ఆదివారం ట్రాక్టరు ట్యాంకరు వచ్చి తొట్టి నింపిపోయింది. మంచి బోరునీళ్ళు, తేటగా ఉన్నాయి. హనుమక్క వంతు చివర. తెల్లచీర కట్టుకుని మెట్ల దాకా వచ్చి కమ్మీ పట్టుకుంది. పాస్టరయ్య నీళ్ళలో నిలబడి చెయ్యి చాచాడు. జయచంద్ర ముందు వరసలో రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కూర్చున్నాడు. సారా అతనికి అంతా చెప్పేసింది. అప్పట్నుంచి అతను తల్లి మొహంలోకి సరిగా చూడలేకపోతున్నాడు.

హనుమక్క మొదటి మెట్టు దిగింది. నీళ్ళు చీలమండకు తగలగానే ఆగిపోయింది. మందిరంలో పాట సన్నగా సాగుతోంది. ఆమె గొంతు లేక ఆ పాట వెలితిగా ఉంది.

“నీళ్ళు కదుల్తాండాయి సారమ్మా,” అంది.

సారా తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. “కదిలేది నీళ్ళేనత్తా. దారి ఆడనే ఉండాది. చూడు.”

హనుమక్క కిందికి చూసింది. మెట్టు మీద ఎర్రటి దారి, దాని కింద మెట్టు మీద, ఆ కింద నేల మీద. అక్కడినుంచి గోడ ఎక్కి, హంసల మధ్యగా అవతలి ఒడ్డుకు పోతోంది. ఆమె కమ్మీ వదిలింది. ఏట్లో నడిచే మనిషి లాగా చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి పట్టుకుని, ఒక్కొక్క అడుగే చూసి వేస్తూ నడిచింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుము దాకా వచ్చాయి. ఆమె కళ్ళు దారి మీదనుంచి కదల్లేదు. పాస్టరయ్య ఆమె వీపు కింద చెయ్యి వేసి, బాప్తిస్మం మాట చెప్పి, ముంచి లేపాడు.

లేచి దగ్గింది, ఉక్కిరిబిక్కిరై మొహం తుడుచుకుంది. “అయిపోయిందా?” అని అడిగింది. మందిరమంతా గొల్లున నవ్వింది. జయచంద్ర మాత్రం చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మెట్లెక్కి వచ్చిన అత్తను సారా ఉన్ని శాలువాలో చుట్టేసింది. ట్రంకుపెట్టెలోంచి దాన్ని పొద్దున్నే తీసి చంకలో పెట్టుకొచ్చింది హనుమక్కే. జుట్టు తుడుస్తుంటే పలుచటి తెల్లవెంట్రుకలు సారా వేళ్ళకు చుట్టుకున్నాయి. మామ పట్టి లాగిన జుట్టు ఇదే కదా అనుకుంటూ ఇంకా మెత్తగా తుడిచింది.

“ఎర్రన్నా,” అని పిలిచింది హనుమక్క. “ఆ చోటు?”

“నీదేలే అక్కా. ఎవురికీ ఇయ్యను.”

హనుమక్క తల ఊపింది. శాలువాను మెడ దాకా లాక్కుని, ఇంకా కదులుతున్న నీళ్ళ వైపు కాసేపు చూసింది. తర్వాత కోడలి చెవి దగ్గరికి వంగింది.

“ఆ దొరకు ఫోన్ చెయ్ సారమ్మా. ఏట్లో దారి ఉండాదని చెప్పు. మా అత్త నడిచొచ్చిందని చెప్పు.”